కోకా సుబ్బారావుగారి అనుమానం



ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లో 236వ నిబంధన అని ఒకటి ఉండేది. ఒక మనిషి మీద పోలీసులకు అనుమానం ఉంటే చాలు, నేరం రుజువు కాకపోయినా సరే, అతని పేర హిస్టరీ షీట్ తెరవొచ్చు. షీట్ తెరిచాక అతని ఇంటి దగ్గర మాటు వేయొచ్చు. ఏ ఊరు వెళ్తున్నాడో, ఎవరిని కలుస్తున్నాడో రాసుకోవచ్చు. రాత్రిపూట వెళ్లి తలుపు కొట్టి మనిషి లోపల ఉన్నాడో లేడో చూసుకోవచ్చు. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేసిన ఖరక్ సింగ్ అనే ఆయన మీద ఈ నిబంధన ప్రయోగించారు. ఊరి చౌకీదారు వస్తాడు, ఒక్కోసారి కానిస్టేబుళ్లూ వస్తారు. తలుపు బాదుతారు, కేకలేస్తారు. నిద్ర లేచి బయటికొచ్చి మొహం చూపించాలి. ఊరు దాటి వెళ్లాలంటే ముందు చౌకీదారుకో, స్టేషనుకో చెప్పి మరీ వెళ్లాలి.

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట తలుపు కొట్టడం చెల్లదన్నారు, అందులో భేదాభిప్రాయం లేదు. మిగతా నిఘా సంగతేమిటి? అందులో నలుగురికి తప్పేమీ కనపడలేదు. ఏకాంతం అనే హక్కు మన రాజ్యాంగంలో ఎక్కడా రాసిలేదు, వెనకాల ఒకడు నడుస్తూ నువ్వేం చేస్తున్నావో రాసుకున్నంత మాత్రాన నీ స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదన్నారు. ఇద్దరు మాత్రం ఆ నిబంధన మొత్తం కొట్టేయాలన్నారు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసినాయన మన రాజమండ్రివారు, కోకా సుబ్బారావుగారు.

ఆయన వాదన సారాంశం ఇది. కాళ్లకు గొలుసు లేదు కదా అని మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నాడని అనకండి. తన వెనక ఒక కన్ను ఉందని తెలిసినవాడు ఎవరింటికి వెళ్లాలన్నా తటపటాయిస్తాడు, ఎవరితో మాట్లాడాలన్నా గొంతు తగ్గిస్తాడు. మనసు మీద పడే బరువు కూడా బరువే. సర్కారుకు ఆ బరువు పెట్టే అధికారం ఉందంటే దానికి చట్టం చూపించాలి. ఇక్కడ చట్టమే లేదు, పోలీసు శాఖ తన కోసం రాసుకున్న పుస్తకం మాత్రం ఉంది.

ప్రభుత్వ అధికారాన్నీ వ్యక్తి స్వేచ్ఛనూ గురించి నాలుగు మాటలు చెప్పమంటే ఈ పెద్దమనిషి గుర్తొచ్చారు. పాశ్చాత్య దేశాల్లో లిబర్టేరియన్లు అనే ఒక వర్గం ఉంది. 1944లో హాయెక్ రాసిన ‘ద రోడ్ టు సర్ఫ్‌డమ్’, 1974లో నోజిక్ రాసిన ‘అనార్కీ, స్టేట్, అండ్ యుటోపియా’ వాళ్ల సిద్ధాంతానికి మూల గ్రంథాల్లాంటివి. ప్రాణం, ఆస్తి, ఒప్పందం కాపాడటం వరకే ప్రభుత్వం పని, అంతకు మించి చేయి చాస్తే ఎందుకు చాస్తున్నావో చెప్పుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, పౌరుడిది కాదు అని నోజిక్ లాంటివాళ్ల మాట. హాయెక్ ఇంకొంచెం పట్టూ విడుపూ ఉన్నవాడు. వాళ్లలో వాళ్లకు తగాదాలు బోలెడు, వాటి జోలికి నేను వెళ్లను. సుబ్బారావుగారు ఆ పేరు పెట్టుకోలేదు, ఆ పార్టీల్లో తిరగలేదు. కానీ అధికారం ఎవరి చేతిలో ఉన్నా దాని వంక అనుమానంగా చూడటం అనే గుణం మన న్యాయచరిత్రలో ఆయనకున్నంతగా ఇంకొకరికి ఉందని నేననుకోను.

1902లో పుట్టారు. తండ్రి రాజమండ్రిలో వకీలు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో గుంటూరులో మన హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో ఢిల్లీ వెళ్లారు. 1966 జూన్ ఆఖరున దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆ రోజులు ఎలాంటివో కాస్త గుర్తు చేసుకోవాలి. ఖరక్ సింగ్ తీర్పు వచ్చిన మరుసటి నెల, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్‌గారు బంగారం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చారు. చైనాతో యుద్ధం జరిగిపోయి ఉంది, విదేశీ మారకం కరువు, బంగారం దొంగచాటుగా ఓడల్లో దిగుతోంది. ఉద్దేశం చెడ్డదని అనలేం. 14 క్యారెట్లకు మించిన నగ చేయకూడదని ఆజ్ఞ. అంటే నూటికి యాభై ఎనిమిది పాళ్లే బంగారం, మిగతాది రాగో వెండో. తాతల నాటి నుంచి మేలిమి బంగారంతో పుస్తెలు చేస్తున్న కంసాలి కుంపటి ముందు కూర్చుని ఏం చేయాలి? ఆ మిశ్రమం సుత్తి కింద మేలిమిలా సాగదు. నగ చేయించుకునే ఆడకూతురు ఆ రంగు చూసి తీసుకోదు. తాళిబొట్టుకు 14 క్యారెట్లు ఏమిటయ్యా అంటుంది. దేశంలో వేలమంది స్వర్ణకారుల కుంపట్లు ఆరాయి, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 14 క్యారెట్ల షరతు మూడేళ్లకు పైగా నడిచి పోయింది కానీ, 1968లో ఏకంగా చట్టమే వచ్చింది. స్వర్ణకారుడి దగ్గర వంద గ్రాములకు మించి ఉండకూడదు, ఉన్నదానికి లెక్కల పుస్తకం ఉండాలి. సుప్రీంకోర్టు మరుసటి సంవత్సరమే అందులో కొన్ని సెక్షన్లు కొట్టేసింది. చట్టం మాత్రం 1990 దాకా బతికింది. ఈలోగా దొంగ బంగారం ఆగిందా? మన సినిమాల్లో విలన్ సూట్‌కేసు తెరవగానే బిస్కెట్లు మెరిసే సీన్లు ఏ కాలానివో గుర్తు చేసుకుంటే సమాధానం దొరుకుతుంది.

ఇలాంటి సర్కారు ఆంక్షలన్నిటికీ రాజాజీగారు పర్మిట్, లైసెన్స్ రాజ్ అని పేరు పెట్టారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్‌లో ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేశాక, కాంగ్రెస్ నుంచి బయటికొచ్చిన మన నిడుబ్రోలు రంగాగారు, రాజాజీ, మినూ మసానీ కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. మొదటి అధ్యక్షుడు ఎన్.జి. రంగాగారే. రాజాజీకి అప్పటికి ఎనభై ఏళ్లు. ఇక్కడ చిన్న విడ్డూరం చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టిందీ, ఆ రాబడి నష్టం పూడ్చుకోవడానికి అమ్మకపు పన్ను తెచ్చిందీ, 1951లో కేంద్ర హోంమంత్రిగా పత్రికల మీద చట్టం చేసిందీ ఈ రాజాజీయే. కుర్చీలో ఉన్నప్పుడు అధికారం ఎంత పొదుపుగా వాడాలో ఎవరికీ గుర్తుండదు కాబోలు. అయితే 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా వచ్చీ రాగానే ధాన్యం మీద కంట్రోళ్లు ఎత్తేసిందీ ఆయనే. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బియ్యం మూట తీసుకెళ్లాలంటే పట్టుకునే రోజులు అలా పోయాయి.

రంగాగారి బాధ మసానీ బాధ ఒకటి కాదు. మసానీది బొంబాయి, ఆయన పరిశ్రమ గురించి ఆలోచించేవాడు. రంగాగారిది గుంటూరు రైతు గోడు. 1964లో వచ్చిన పదిహేడో రాజ్యాంగ సవరణ ఎస్టేటు అనే మాటకు అర్థం పెంచి, రైత్వారీ పట్టా భూములను కూడా అందులో చేర్చింది. జమీందార్ల ఎస్టేట్ల కోసం తయారైన కత్తి రైత్వారీ రైతు మెడ మీదికి వచ్చిందని ఆయన ఊరూరా తిరిగి చెప్పారు. నలభై నాలుగు చట్టాలను తొమ్మిదో షెడ్యూల్లో పెట్టేశారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ 1961 భూగరిష్ఠ పరిమితి చట్టం కూడా ఉంది. తొమ్మిదో షెడ్యూల్లో పడిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులో ప్రశ్నించడానికి అప్పట్లో వీలుండేది కాదు.

అప్పుడు వచ్చింది గోలక్‌నాథ్ కేసు. పంజాబులో జలంధర్ దగ్గర అయిదు వందల ఎకరాలున్న కుటుంబం. చట్టం ప్రకారం ఒక్కొక్కరికి ముప్ఫై ఎకరాలే మిగిలాయి, కొంత కౌలుదార్లకు పోగా మిగతాది మిగులు భూమి అన్నారు. 1967 ఫిబ్రవరి 27న పదకొండుమంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒక వైపు, అయిదుగురు ఒక వైపు నిలిచారు. ఆరుగురి వైపు ముందున్నది సుబ్బారావుగారు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదు, రాజ్యాంగ సవరణ పేరుతో కూడా లేదు, ఇది మాత్రం ఇవాళ్టి నుంచి ముందుకు వర్తిస్తుంది, జరిగినవాటి జోలికి పోము అన్నారు. అందువల్ల గోలక్‌నాథ్ కుటుంబానికి ఒక్క సెంటు భూమి వెనక్కి రాలేదు. గెలిచి ఓడటం అంటే ఇదే.

దేశమంతా గగ్గోలు. భూస్వాముల జడ్జి అన్నారు. ఆ మాట అన్నవాళ్లు ఖరక్ సింగ్ తీర్పు చదవలేదని నా అనుమానం. చదివినా ఒప్పుకునేవారు కాదేమో.

సరిగ్గా ఆరు వారాల తర్వాత, 1967 ఏప్రిల్ 10న, ఆయన ఇంకో తీర్పు ఇచ్చారు. నా లెక్కలో తెలుగు ఇళ్లలో ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన తీర్పు అది. ఎగుమతి దిగుమతి వ్యాపారి ఒకాయన మీద ఏదో లైసెన్సు వ్యవహారంలో విచారణ నడుస్తోంది. పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేయమని అధికారులు ఉత్తరం రాశారు. ఏ చట్టం కింద అని ఆయన అడిగాడు. చట్టం లేదు. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లవుతున్నా పాస్‌పోర్టు ఎవరికివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని చెప్పే చట్టం ఈ దేశంలో లేదు. ఇవ్వడం ప్రభుత్వం దయ, మానడం ప్రభుత్వం ఇష్టం. ప్రభుత్వ వకీలు కోర్టులో వాదించిందీ అదే. పాస్‌పోర్టు అనేది ప్రభుత్వం తన పేరుతో ఇచ్చే కాగితం, దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదన్నారు.

ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. సుబ్బారావుగారి ధర్మాసనం తేల్చిందేమిటంటే, విదేశం వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపడానికి వీల్లేదు, అధికారి ఇష్టానికి వదిలేస్తే ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకో న్యాయం అవుతుంది. ఆ తీర్పు దెబ్బకే 1967 పాస్‌పోర్టుల చట్టం పుట్టింది. ఇవాళ విజయవాడలోనో, కరీంనగర్‌లోనో ఒక పిల్లవాడు ఆన్‌లైన్లో అపాయింట్‌మెంటు తీసుకుని, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చి, రాకపోతే ఎందుకు రాలేదో రాతపూర్వకంగా అడగగలుగుతున్నాడంటే దాని వెనక ఆ రోజు ఆ కోర్టు హాలులో జరిగిన వాదన ఉంది. ఇమిగ్రేషన్ కౌంటరు దాటాక అవతలి దేశం పర్మిట్ రాజ్యం మొదలవుతుంది, అది వేరే కథ. అమెరికా హెచ్1బి వీసాలు ఏడాదికి 65,000, అక్కడి పై చదువులు చదివినవాళ్లకు ఇంకో 20,000, ఆపైన లాటరీ. అక్కడి లిబర్టేరియన్లే దీనిమీద రెండు ముక్కలయ్యారు. సంస్థ ఉద్యోగం ఇస్తానంటోంది, మనిషి చేస్తానంటున్నాడు, మధ్యలో ప్రభుత్వం ఎందుకని కొందరు. సరిహద్దు కాపాడటమే ప్రభుత్వం అసలు పని అని కొందరు. హైదరాబాదులో చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసే కుర్రాళ్లను అడిగితే ఏ పక్షమో తడుముకోకుండా చెప్తారు.

పాస్‌పోర్టు తీర్పు ఇచ్చిన మర్నాడే సుబ్బారావుగారు రాజీనామా చేశారు. ఎందుకు? రాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా పోటీ చేయడానికి. స్వతంత్ర పార్టీ కూడా ఆయన వెనక నిలిచింది. జాకిర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువ వస్తే, ఈయనకు 3,63,971 వచ్చాయి. అంత తక్కువేమీ కాదు. కానీ నాకు ఇది నచ్చదు. గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి నెలన్నర కాలేదు, ఆ తీర్పు అధికార పార్టీకి చెంపపెట్టు, అంతలోనే ప్రతిపక్షాల టికెట్టు మీద పోటీ. తీర్పులో ఎంత నిజాయితీ ఉన్నా దాని మీద నీడ పడింది. అధికారాన్ని ఎవరి చేతిలోనైనా అనుమానించాలన్న మనిషి, న్యాయమూర్తి కుర్చీ కూడా అధికారమేనని ఆ ఒక్కసారి మరిచిపోయారు.

ఆయన వాదనలో ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. దాన్ని ఇరవై ఏళ్ల ముందే, 1947లోనే, అంబేద్కర్ ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో పట్టుకున్నారు. ప్రభుత్వం జోక్యం తగ్గితే స్వేచ్ఛ పెరుగుతుందంటారు సరే, ఎవరికి పెరుగుతుంది అని అడిగారాయన. భూస్వామికి కౌలు పెంచే స్వేచ్ఛ, యజమానికి పనిగంటలు పెంచే స్వేచ్ఛ పెరుగుతాయి. కూలివాడి మీద సర్కారు పెత్తనం పోయి ఆ చోట యజమాని పెత్తనం వస్తుంది. గోలక్‌నాథ్ కేసులో అయిదు వందల ఎకరాలవాళ్ల హక్కు గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ ఎకరాల మీద దున్నిన కౌలుదార్ల పేర్లు తీర్పులో ఎవరికి పట్టాయి? మన ఊళ్లలో దళితులను చెరువు గట్టు ఎక్కనివ్వంది పోలీసు నిబంధన కాదు, ఊరు. ఆ పెత్తనం విరగ్గొట్టడానికి రాజ్యాంగం పదిహేడో అధికరణం, చట్టం, కేసులు, అంటే సర్కారు బలమే కావాల్సి వచ్చింది. లిబర్టేరియన్ల పుస్తకాల్లో దీనికి సరైన జవాబు నాకు కనపడలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపాకల మీదికి వెళ్లిన సంగతి కూడా ఇలాంటిదే. తాగడం, మానడం మనిషి ఇష్టం, సర్కారు మద్యం ఆపకూడదని సిద్ధాంతం చెప్తుంది. అయితే ఇక్కడ సారా వేలంపాటలు పెట్టి, రాబడి లెక్కలేసుకుని ఊరూరా అమ్మించిందే సర్కారు. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషికి ఆ సిద్ధాంతం ఎవరి స్వేచ్ఛ గురించి చెప్తోంది? 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, రెండేళ్లకు పోయింది. నాటుసారా, చెక్‌పోస్టులు, కేసులు ఎలా నడిచాయో ఆ కాలం వాళ్లకు తెలుసు. ఇరు పక్షాలకూ అందులో చేదు పాఠాలే ఉన్నాయి.

సరే, అంతమాత్రాన సుబ్బారావుగారిది భూస్వాముల పక్షపాతమని తీసి పారేయొచ్చా? కోర్టుల్లో ఆ తర్వాత జరిగింది చూస్తే అలా అనలేం.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్‌ను మద్రాసు రాష్ట్రంలో విచారణ లేకుండా నిర్బంధించారు. సుప్రీంకోర్టు ఆయనకు అన్నదేమిటంటే, ఒక్కో ప్రాథమిక హక్కు ఒక్కో గది, నిర్బంధం సంగతి వస్తే ఆ గదిలోనే చూడాలి, తిరిగే హక్కు, మాట్లాడే హక్కు అంటూ పక్క గదుల్లోకి వెళ్లకూడదు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుగారు ఈ గదుల లెక్కను ఒప్పుకోలేదు. హక్కులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయన్నారు. ఆ మాట మళ్లీ ఎక్కడ తలెత్తింది? 1969 జులైలో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు. ఆర్.సి. కూపర్ అనే స్వతంత్ర పార్టీ నాయకుడు బ్యాంకు వాటాదారుగా కోర్టుకెక్కాడు. 1970లో కోర్టు ఆయన పక్షాన తీర్పిస్తూ గోపాలన్ గదుల గోడలు కూల్చింది. ప్రభుత్వం ఏ ఉద్దేశంతో చేసిందని కాకుండా, మనిషి హక్కు మీద దాని దెబ్బ ఎంత అని చూడాలంది. 1978లో మేనకాగాంధీ పాస్‌పోర్టు కేసులో ఆ కూపర్ తీర్పునే ఆధారం చేసుకుని కోర్టు వ్యక్తి స్వేచ్ఛకు ఇవాళ మనం అనుకునే విస్తారమైన అర్థం ఇచ్చింది. కమ్యూనిస్టు నాయకుడు ఓడిపోయిన వాదన బ్యాంకు వాటాల పుణ్యాన గెలిచింది. ఆస్తి మనిషిది వేరు, జైలు మనిషిది వేరు అని గీత గీసి చూసేవాళ్లకు ఈ కథ మింగుడుపడదు.

మధ్యలో ఎమర్జెన్సీ. 1963లోనే, చైనా యుద్ధ కాలపు నిర్బంధాల కేసులో, ఏడుగురిలో ఒంటరిగా సుబ్బారావుగారు ఒక మాట అన్నారు. చట్టవిరుద్ధంగా పట్టుకున్నారని మొరపెట్టుకునే దారి మూసేయకూడదని. మిగతా ఆరుగురు ఆయనతో ఏకీభవించలేదు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ నిర్బంధాల మీద వచ్చిన జబల్పూర్ కేసులో, ఆ దారి పూర్తిగానే మూసుకుపోయింది, న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. సుబ్బారావుగారు ఆ తర్వాత కొద్ది రోజులకే, మే నెలలో, కన్నుమూశారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుగారి అల్పసంఖ్యాక తీర్పే సరైనదని రాశారు. యాభై అయిదేళ్లు పట్టింది. అయినా హైదరాబాదు బస్తీల్లో కార్డన్ సెర్చ్ అని తెల్లవారుజామున వందలమంది పోలీసులు గల్లీల మొదట్లో నిలబడి ఇల్లిల్లూ తిరిగి బండ్ల కాగితాలు, ఆధార్ కార్డులు అడగడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అలా గేటెడ్ కమ్యూనిటీ విల్లాల తలుపులు కొట్టారని ఎప్పుడైనా చదివారా? రౌడీషీటర్లను ఆదివారం స్టేషనుకు పిలిచి వరసగా కూర్చోబెట్టి ఫొటోలు పత్రికలకివ్వడం, బైండోవర్ చేయడం మామూలే. వాళ్లలో నిజంగా రౌడీలు ఉండొచ్చు. పదేళ్ల కిందట ఒక కొట్లాటలో ఉన్నందుకు షీటు తెరిచి మూయడం మరిచిపోయినవాళ్లూ ఉండొచ్చు. ఏది ఏమిటో తేల్చేది స్టేషనే అయితే ఖరక్ సింగ్ గెలిచినట్టా?

ఇక ఈ కథలో ఆస్తి హక్కు సగం మిగిలింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది ఇందిరాగాంధీ ప్రభుత్వం కాదు. జనతా ప్రభుత్వం. 1978 నలభై నాలుగో సవరణ. స్వతంత్ర పార్టీ 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసి, అది వెళ్లి జనతాలో కలిసింది, ఆ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి హెచ్.ఎం. పటేల్ ఒకప్పటి స్వతంత్ర పార్టీ మనిషే. రంగాగారు అప్పటికే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లిపోయారు. ఆ హక్కు పోతే నష్టపోయేది పెద్ద భూస్వాములేనని అందరూ అనుకున్నారు.

ఎవరు నష్టపోయారో చూడాలంటే డీకేటీ పట్టా చేతిలో ఉన్న రైతు దగ్గరికి వెళ్లాలి. తెలంగాణలో లావణి పట్టా అంటారు. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఎకరమో, రెండెకరాలో ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం ఆ భూమి వారసులకు పోతుంది, అమ్మడానికి వీల్లేదు. అమ్మితే చెల్లదు, కొన్నవాడికి శిక్ష. ఉద్దేశం మళ్లీ మంచిదే. కూతురి పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో పేదవాడు తెగనమ్ముకుంటాడు, పెద్ద రైతు కొనేస్తాడు, పంచిన భూమి మళ్లీ మొదటికే వస్తుంది. ఆ భయం కట్టుకథ కాదు. కానీ అవసరం చట్టం చూసి ఆగదు కదా. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటుంది. అందుకని తెల్లకాగితం మీద రాసుకుంటారు, ఇద్దరు సాక్షులు వేలిముద్రలేస్తారు, పక్క పొలం పట్టా భూమి పలికే ధరలో ఒక ముక్క చేతిలో పడుతుంది. కొన్నవాడు పలుకుబడి ఉన్నవాడైతే దున్నుకుంటాడు. లేనివాడైతే ఏదో ఒకరోజు తహసీల్దారు నోటీసు వస్తుంది. నిషేధం అమ్మకాన్ని ఆపలేదు, ధరను మాత్రం తొక్కింది.

ఇంకా పెద్ద దెబ్బ ప్రభుత్వానికే ఆ భూమి కావాల్సి వచ్చినప్పుడు. పరిశ్రమకో, రింగురోడ్డుకో తీసుకునేటప్పుడు పట్టా రైతుకు నష్టపరిహారం ఉంటుంది. డీకేటీ రైతుకు మాత్రం, ఇది మేమిచ్చిందే, షరతు ప్రకారం వెనక్కి తీసుకుంటున్నాం అని ఎంతో కొంత ఎక్స్‌గ్రేషియా చేతిలో పెట్టే అలవాటు ఉండేది. ముప్ఫై ఏళ్లు రాళ్లు ఏరి, బోరు వేసుకుని సాగులోకి తెచ్చిన నేలకు దయాధర్మం. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇది కుదరదు, పట్టాదారుతో సమానంగా ఇవ్వాల్సిందేనని చెప్పింది. తీర్పు ఒకటి, కలెక్టరాఫీసు లెక్క ఒకటి అని ఆ తర్వాత కూడా కోర్టుకెక్కినవాళ్లు ఉన్నారు.

అయిదు వందల ఎకరాల ఆస్తి హక్కు గురించి దేశం ఏళ్ల తరబడి కొట్టుకుంది. ఎకరన్నర ఆస్తి హక్కు గురించి స్వేచ్ఛావాదులు ఎవరూ నిడుబ్రోలు నుంచి బొంబాయి దాకా గట్టిగా నోరెత్తలేదు. ఎత్తి ఉంటే వాళ్ల పార్టీ 1967లో నలభై నాలుగు సీట్లు గెలిచి, 1971లో ఎనిమిదికి పడిపోయేది కాదేమో. ఇది నా ఊహ.

2023లో ఆంధ్రప్రదేశ్ ఆ 1977 చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూముల అసలు లబ్ధిదార్లకూ, వాళ్ల వారసులకూ అమ్ముకునే హక్కు ఇచ్చింది. అంబేద్కర్ చెప్పిన భయం, సుబ్బారావుగారి అనుమానం ఒకే సర్వే నంబరు మీద ఎదురెదురుగా నిలబడ్డాయి. నా మటుకు నేను అమ్ముకునే హక్కు ఉండాలనే అంటాను. పక్క పొలం రెడ్డిగారినో, చౌదరిగారినో అమ్మవద్దని ఏ చట్టం ఆపదు, డీకేటీ రైతును ఎందుకు ఆపాలి? కాకపోతే అమ్మకం కంటే ముందు జరగాల్సింది ఒకటుంది. ఆ సర్వే నంబరు 22ఏ జాబితా నుంచి పోవాలి, పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కాలి, బ్యాంకు దాని మీద పంట రుణం ఇవ్వాలి. అమ్మకుండా ఉండగలిగే స్థోమత వచ్చాక అమ్ముకునే హక్కుకు మంచి ధర వస్తుంది. సవరణ వచ్చినంత వేగంగా ఆ కాగితాలు కూడా కదులుతాయా అన్నది మీ మీ మండలాల్లో మీరే చూసి చెప్పాలి.